ఆవకాయ కలిపిన రోజున యానాంలో

గోదావరి జిల్లాల వాళ్ళు మర్యాదతో మనిషిని చంపేస్తారని మా నాన్న అంటుంటే నవ్వేదాన్ని. మలేషియాలో పెరాక్ రాష్ట్రపు కొబ్బరితోటల మధ్య పుట్టి పెరిగిన మనిషి, గోదావరి ముఖం ఎన్నడూ చూడలేదు, ఆయనకేం తెలుసులే అనుకునేదాన్ని. ఇప్పుడు నేను వెళ్ళి చూసి వచ్చాను. చంపలేదు. రెండు కిలోలు పెంచి పంపించారు. మిగతా సంగతి కింద రాస్తున్నాను.

మన ఎస్టేటు వాళ్ళూ, రామమందిరం కమిటీ పెద్దలూ, ఇపో పట్నంలో కాలేజీ స్నేహితులూ, ఎదురుపడ్డ ప్రతివాళ్ళూ "ఎలా ఉంది మన దేశం?" అని అడుగుతున్నారు. పెద్దలకి ఒకలాగా, స్నేహితులకి ఇంకోలాగా చెప్పీ చెప్పీ ఏది నిజమో నాకే తికమకైంది. మలేషియా తెలుగువాళ్ళలో ఆ గడ్డ తొక్కనివాళ్ళే ఎక్కువ కాబట్టి అందరికీ కలిపి ఒకేసారి చెప్పేస్తున్నాను. ఎవరికైనా కోపం వస్తే నేనేం చెయ్యలేను.

నేను చదివేది ఆహారశాస్త్రం. చివరి సంవత్సరం ప్రాజెక్టు ఊరగాయల మీద పెట్టుకున్నాను. కొట్లో సీసాల్లో దొరికేవి కాదు, ఇళ్ళల్లో చేత్తో కలిపేవి. రాజమండ్రిలో ఒక కాలేజీ వాళ్ళు సరేనన్నారు. మామిడికాయల కాలంలో రమ్మని, రామచంద్రపురంలో ఒక కుటుంబంతో కలిసి ఉండే ఏర్పాటు చేశారు. వాళ్ళు ఆవకాయ కలిపే రోజున నేను వంటింట్లో నిలబడి చూడాలి, వీలైతే చెయ్యి పెట్టాలి. నా పని అదొక్కటే. అది జరగకపోతే సముద్రం దాటి వెళ్ళి నేను చేసిందల్లా తినడమే అవుతుంది.

రాజమండ్రి

మద్రాసు నుంచి రైల్లో వెళ్ళాను. గోదావరి వంతెన మీదికి రాగానే పెట్టెలో సగం మంది లేచి కిటికీల దగ్గరికి వెళ్ళి చిల్లర నదిలోకి విసిరారు. నా దగ్గర ఉన్నది మన ఇరవై సెన్ బిళ్ళ. అదే విసిరి దణ్ణం పెట్టాను. మారకం రేటు గోదావరి తల్లే చూసుకుంటుందిలే అనుకున్నాను.

ఎదుటి సీట్లో ఒక టీచరమ్మగారు కూర్చుని ఉన్నారు. నెల్లూరు దాటకముందే నాకు పులిహోర పెట్టారు, ఒంగోలు దాటకముందే ప్రశ్నలు మొదలుపెట్టారు.

"ఏ ఊరండీ?"

"మలేషియా అండీ."

"అది కాదండీ, సొంతూరు?"

"మలేషియానే అండీ. మా నాన్న, తాత అందరూ అక్కడే పుట్టారు."

"మరి అంతకుముందు?"

"అంతకుముందు ఓడండీ."

ఆవిడ పకపకా నవ్వి, వెంటనే ముఖం సర్దుకుని, "ఇంటిపేరు?" అన్నారు. మనకి ఇంటిపేర్లెక్కడివి? నా కార్డులో, పాస్‌పోర్టులో ఉన్నది "కవిత ఎ/పి రామయ్య". రామయ్య గారి అమ్మాయి కవిత, అంతే. పాస్‌పోర్టు చూపించాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చదివి, "అదేంటండీ, ఎ.పి. అని రాసే ఉంది కదా, ఆంధ్రప్రదేశ్!" అన్నారు. మలేషియా ప్రభుత్వం నన్ను గుర్తుపెట్టుకుని సొంత రాష్ట్రం రాసి పంపిందని పెట్టెలో అందరికీ చెప్పారు. మలయ్‌లో ఎ/పి అంటే కూతురని నేను చెప్పబోతే ఎవరూ వినలేదు. దిగేటప్పుడు మిగిలిన పులిహోర డబ్బాతో సహా ఇచ్చేశారు. ఆ ఇంటిపేరు ప్రశ్న ఆవిడొక్కరిదే అనుకుని నేను హాయిగా రైలు దిగాను.

రామచంద్రపురం

స్టేషన్‌కి కారు తీసుకుని శ్రీనివాసరావుగారు వచ్చారు. నాకు ఆశ్రయమిచ్చిన ఇంటి యజమాని ఆయనే. రామచంద్రపురం బజారులో పప్పులు, నూనెలు టోకుగా అమ్మే కొట్టు ఉంది. "ఆయ్, నేనేనండీ శ్రీనివాసుని" అని నా చేతిలో సంచీ లాక్కున్నారు. దారంతా ఒక పక్క కాలవ, ఒక పక్క వరిచేలు, గట్ల మీద కొబ్బరిచెట్లు. "మీకు కొబ్బరిచెట్లు కొత్తేమో" అన్నారాయన. పుట్టిన దగ్గర్నుంచీ నేను చూసింది అవేనని చెప్పడానికి మొహమాటమేసి, బాగున్నాయన్నాను.

ఇంట్లో ఉండేది ముగ్గురే. శ్రీనివాసరావుగారు, ఆయన భార్య పద్మగారు, ఆయన తల్లి. ఆ తల్లినే నేను మామ్మగారని పిలిచాను. డెబ్బై దాటినా ఆవిడ నడుము వంగలేదు, గొంతు అసలే వంగలేదు. శాకాహారులు. నాకు మేడ మీద గది ఇచ్చారు. భోజనం మాత్రం కింద అందరితో కలిసి బల్ల దగ్గరే.

ఆ మొదటి భోజనం గురించి చెప్పాలి. ఆవ పెట్టిన పనసపొట్టు కూర, మామిడికాయ పప్పు, వంకాయ, గుమ్మడికాయ పులుసు, వడియాలు, పెరుగు. ఇపోలో అరిటాకు భోజనానికి వెళ్తే రెండో అప్పడం అడగడానికి ధైర్యం కావాలి. ఇక్కడ వద్దనడానికి ధైర్యం కావాలి. "చాలండీ" అంటే ఇంకో గరిటె పడింది. చెయ్యి అడ్డం పెడితే చేతి సందులోంచి పడింది. "మొహమాటపడకండి, మీ ఇల్లే అనుకోండి" అన్నారు మామ్మగారు. మా ఇల్లే అయితే నాలుగో గరిటెకి మా అమ్మ తిట్టేది.

తిన్నాక అలవాటు కొద్దీ కంచం కడుగుదామని లేచాను. అత్తాకోడళ్ళిద్దరూ ఒక్కసారే "అయ్యయ్యో!" అన్నారు. "మీరు వంటింట్లోకి రాకండి! అతిథి చేత కంచం కడిగిస్తే మా పరువేం కావాలండీ?" అని మామ్మగారు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు. వంటింటి గడపకి పసుపు రాసి ఉంది. ఎంత మర్యాద అనుకుని నేను పొంగిపోయాను.

సాయంత్రం అసలు సంగతి ఎత్తాను. "ఆవకాయ ఎప్పుడు కలుపుతారండీ మామ్మగారూ?"

"కలుపుతామండీ. కాయ రావాలి కదా."

"కాయ వచ్చాక?"

"మంచిరోజు చూడాలి కదండీ."

"నేను వంటింట్లో ఒక మూల నిలబడి చూస్తానండీ."

"వంటింట్లో పొగండీ, మీకు పడదు." ఆ వంటింట్లో గ్యాసు పొయ్యి ఉంది, దానిపైన పొగ లాగేసే యంత్రం ఉంది. అది చూస్తూనే నేను తలూపాను. అప్పుడు మామ్మగారు ఎంతో సౌమ్యంగా, "ఇంతకీ మీ ఇంటిపేరు ఏంటన్నారు?" అని అడిగారు.

లేదన్నాను.

"లేకపోవడమేంటండీ! ఇంటికి పేరుండదా?"

ఆవిడ పూజగదిలోకి వెళ్ళాక పద్మగారు నా పక్కకి వచ్చి గొంతు తగ్గించి చెప్పారు. "ఎవరో, ఏమిట్లో తెలిస్తేనే అత్తయ్యగారికి స్థిమితం. ఊరగాయ జాడీల దగ్గరికి అందర్నీ రానివ్వరు. మా పుట్టిల్లు తుని. హైవే మీద ఊరు, ఎవరెవరో వచ్చిపోతుంటారని ఆవిడకి నా మీదా అనుమానమే. పెళ్ళై పదేళ్ళైంది, ఇప్పటికీ నేను కాయ తుడుస్తాను, ఆవపిండి జల్లిస్తాను. కలిపేటప్పుడు మాత్రం చెయ్యి ఆవిడదే."

కోడలికే దిక్కులేకపోతే నా గతేంటి? ఆ రాత్రి పడుకోబోతూ నేను తేల్చుకున్నది ఒక్కటే. ఎలాగైనా ఇంటిపేరు సంపాదించాలి.

బజారు వీధి

మర్నాటి నుంచి శ్రీనివాసరావుగారి కొట్లో కూర్చోవడం మొదలుపెట్టాను. ఆవాలు, మెంతులు, నువ్వులనూనె ధరలు రాసుకోవడం ఒక వంక. అసలు ఆకర్షణ ఆ మాటలు. ఒకాయన వచ్చి, "ఈ కందిపప్పు ఉడుకుతుందా శ్రీనివాసూ?" అని అడిగాడు. "లేదండీ, పాటలు పాడుతుంది. మూత తీసి వినండి" అన్నారు శ్రీనివాసరావుగారు. ఆ పెద్దమనిషికి కోపం రాలేదు సరికదా, "అయితే మీ అమ్మగారి చేత కూడా పాడించు, ఒక కిలో ఇవ్వు" అని తీసుకెళ్ళాడు.

ఇంట్లోనూ అంతే. పద్మగారు కాఫీ తేవడం ఆలస్యమైతే మామ్మగారు, "కాఫీ ఇవాళే వస్తుందా అమ్మా, రేపటి పేపరుతో కలిపి వస్తుందా?" అంటారు. అదే నేను ఎనిమిదింటికి లేస్తే, "పాపం అలసిపోయారండీ" అంటారు. ఇంకొంచెం అలసిపోయి తొమ్మిదింటికి లేచాను. "ఆరోగ్యం బాగుందా అండీ?" అన్నారు. అప్పటికి నాకు అర్థమైంది. అక్కడ వెటకారం ఇంటివాళ్ళకి, మర్యాద పరాయివాళ్ళకి. నన్ను ఒక్కరైనా వెక్కిరిస్తే బాగుండునని మనసులో గట్టిగా అనుకున్నాను.

నా ఇంటిపేరు పని వీధి మొత్తం నెత్తికెత్తుకుంది. ఎదురింట్లో రిటైరైన హెడ్‌మాస్టారు దర్యాప్తుకి నాయకుడు. "మీ దైవం ఎవరండీ?" "రాముడండీ." "అలాగా! పెళ్ళిలో తలంబ్రాలున్నాయా?" "ఉన్నాయండీ." "మీ తాతగారు మీసం ఎలా పెంచేవారు?" అని కూడా అడిగారు. నాకు గుర్తులేదన్నాను. నా ముక్కు చూసి ఒకావిడ "మనవాళ్ళే" అంది. నేను చారు పోసుకున్న తీరు చూసి ఇంకొకావిడ "కాదు కాదు, మావాళ్ళు" అంది. పంచాయితీ తేలేలోపు నేను ఆ వీధిలో నాలుగు కులాల అమ్మాయినయ్యాను. ప్రతి ఇంట్లోనూ పూతరేకులు పెట్టారు. నిజం చెప్పొద్దూ, నాకు సంతోషంగానే ఉంది. ఇపోలో నేనెవరో కనుక్కోవాలని ఎవరికీ ఇంత ఆత్రం లేదు.

మేడ మీద

చివరికి నాన్నకి ఫోన్ చేశాను. "నాన్నా, మన ఇంటిపేరేంటి? మనం ఏమిట్లం?"

నాన్న ఒక్క క్షణం ఆగి, "ఎవరడిగారు?" అన్నారు.

"అందరూ అడుగుతున్నారు. చెప్తే వంటింట్లోకి రానిస్తారు."

"ఇంటిపేరు నాకూ తెలీదమ్మా. ఓడలో పేర్లు రాసుకున్న దొరకి నోరు తిరగలేదట, వదిలేశారు. మా తాత కోనసీమ లంకల్లో ఒక మాలపేట నుంచి వచ్చాడు. మనం మాలవాళ్ళం. ఇక్కడ అందరం తెలుగువాళ్ళమే అనుకున్నాం, అందుకే నీకెప్పుడూ చెప్పలేదు." చివర్న, "కవితా, చెప్పాలనే ఉందా?" అని అడిగారు. ఆ ప్రశ్న ఎందుకో నాకు పట్టలేదు. నా చెవిలో ఉన్నది వంటింటి తలుపు తెరుచుకునే చప్పుడు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర అందరూ ఉన్నారు. పోయిన గొలుసు దొరికినదానిలా నేను గట్టిగా, "దొరికిందండీ మామ్మగారూ! ఇంటిపేరు కాదు గానీ కులం దొరికింది. మేం మాలవాళ్ళమట! కోనసీమేనట!" అన్నాను.

పద్మగారి చేతిలో గరిటె ఆగిపోయింది. శ్రీనివాసరావుగారు మజ్జిగలో ఏదో వెతకడం మొదలుపెట్టారు. మామ్మగారు మాత్రం చిరునవ్వు చెదరకుండా, "అలాగా అండీ. సంతోషం. పెరుగు వేయించుకోండి" అన్నారు. వేయించుకున్నాను. గండం గట్టెక్కింది, ఇక కాయ రావడమే తరువాయి అనుకుని పైకి వెళ్ళి హాయిగా నిద్రపోయాను.

కొత్త కంచం

మర్నాడు పొద్దున్న టిఫిన్ నా గదికే వచ్చింది. పద్మగారు తెచ్చారు. "కిందికీ పైకీ ఎందుకండీ శ్రమ, ఎండలు మండిపోతున్నాయి, ఇకనుంచి మీకు ఇక్కడికే తెమ్మన్నారు అత్తయ్యగారు" అన్నారు. నా ముఖం చూడకుండా చెప్పారు. పెసరట్టు, ఉప్మా, అల్లప్పచ్చడి. కంచం తళతళా మెరుస్తోంది, కొత్తది. అంచు మీద చుక్కలు చుక్కలుగా అక్షరాలు. ఆ ఊళ్ళో స్టీలు సామాను కొంటే దాని మీద పేరు కొట్టిస్తారు, పెళ్ళి సామాను అంతా అలాగే ఉంటుంది. ఆ కంచం మీద "కవిత గారు" అని కొట్టించారు. గ్లాసు మీదా అదే.

గారు కూడా! స్టీలు మీద గారు కొట్టించుకున్న మనిషి మన ఎస్టేటు చరిత్రలో ఉందా? ఫోటో తీసి అమ్మకి పంపాను. "మీ నాన్నమ్మ ఇంట్లో నాకు ఇరవై ఏళ్ళలో ఇంత మర్యాద జరగలేదే" అని అమ్మ ఫోన్లో మురిసిపోయింది. పక్కనుంచి నాన్న గొంతు వినిపించలేదు. ఆయన చూశారా అని అడిగితే, చూశారంది అమ్మ.

అప్పటినుంచి మూడు పూటలూ పైకే వచ్చేది. ఒక్కదాన్నే తినేదాన్ని. నాలుగో గరిటె వడ్డించేవాళ్ళు లేరు. వద్దనడానికి మనిషి లేకపోతే అన్నం సహించదని నాకు అక్కడే తెలిసింది.

యానాం

ఒక పొద్దున్న మామ్మగారే మేడ మెట్ల దగ్గరికి వచ్చి, "యానాం చూడకుండా వెళ్ళకూడదండీ. మావాడు తీసుకెళ్తాడు, తయారవ్వండి" అన్నారు. కాయ ఎప్పుడొస్తుందో, ఇంటి దగ్గరే ఉంటానన్నాను. "కాయదేముందండీ, ఎప్పుడైనా వస్తుంది. యానాం చూడాలి" అన్నారు.

"మీకు ఫ్రాన్సు చూపిస్తానండీ" అన్నారు శ్రీనివాసరావుగారు కారు తీస్తూ. యానాం ఒకప్పుడు ఫ్రెంచివాళ్ళది, ఇప్పుడు పాండిచ్చేరి కింద ఉంది. ఊళ్ళోకి వెళ్ళగానే ఆయన కారు ఆపింది చర్చి దగ్గర కాదు, మందు కొట్టు దగ్గర. అక్కడ చవకట. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చిన భక్తులు చాలామందే ఉన్నారు. "స్నేహితుల కోసమండీ" అని సంచీ వెనక సీట్లో పడుకోబెట్టారు. "అమ్మకి చెప్పకండి. ఫ్రాన్సు బాగుందని మాత్రం చెప్పండి."

పాత చర్చి చూశాం. గోదావరి ఒడ్డున నడిచాం. నది అక్కడ ఎంత వెడల్పంటే అవతలి ఒడ్డు ఉన్నట్టా లేనట్టా అన్నట్టుంది. ఒకావిడ గట్టు మీద తాటిముంజెలు అమ్ముతోంది. ధర అడిగితే డజను వంద అంది. మన రింగిట్లలో లెక్కేసుకుంటే చవకే, అయినా బేరం ఆడకపోతే బాగుండదని యాభై అన్నాను. "యాభైకి చెట్టు చూపిస్తానమ్మా, ఎక్కి కోసుకో" అంది. నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. నన్ను ఒక మనిషి వెక్కిరించింది! వంద ఇచ్చి కొనుక్కున్నాను.

ముంజెలు తింటుంటే శ్రీనివాసరావుగారు ఇంటికి ఫోన్ చేశారు. "ఆ, అమ్మా. అయిపోయిందా? జాడీలకి గుడ్డ కట్టేశారా? సరే అయితే, బయల్దేరతాం."

నా చేతిలో ముంజె జారి చీర మీద పడింది. ఆయన ఫోన్ జేబులో పెట్టుకుని నా ముఖం చూసి తల తిప్పుకున్నారు. "మా అమ్మ పాతకాలం మనిషండీ. మనసు మాత్రం మంచిది" అన్నారు. "ఏం జరిగిందండీ?" అన్నాను. "ఏం లేదండీ. సోడా తాగుతారా?" అన్నారు. తాగనన్నాను. తాగించారు.

ఇంటికి చేరేసరికి వీధి గుమ్మంలోంచే ఆవఘాటు. నేను ఏ వాసన కోసం సముద్రం దాటానో అది నా ముక్కు పగలగొడుతోంది. వరండాలోంచి చూస్తే వంటింట్లో వరసగా జాడీలు, వాటి మూతులకి తెల్లగుడ్డలు. "అయ్యో, కాయ ఉన్నట్టుండి వచ్చేసిందండీ" అన్నారు మామ్మగారు. "మీరుంటే ఎంత బాగుండేదో. యానాం బాగుందా?"

ఆ పూట నా కంచంలో వేడి అన్నం, కొత్తావకాయ, వెన్నపూస వచ్చాయి. అబద్ధం చెప్పను, నా జన్మలో అంత రుచి ఎరగను. కళ్ళమ్మట నీళ్ళు కారిపోతూనే ఉన్నాయి. కారానికే అనుకుంటూ తినేశాను.

పెరడు

మర్నాడు పద్మగారు వచ్చేదాకా ఆగకుండా, ఎంగిలి కంచం నేనే పట్టుకుని పెరటి మెట్ల మీంచి కిందికి దిగాను. కుళాయి దగ్గర రత్నంగారు గిన్నెలు తోముతున్నారు. ఆ ఇంట్లో అంట్లు తోమే మనిషి. ఇంటివాళ్ళ కంచాలు తోమి ఒక బుట్టలో పెట్టారు. నా చేతిలోది తీసుకుని తోమి, ఆ బుట్టలో పెట్టకుండా పిట్టగోడ మీద బోర్లించారు. దాని పక్కనే ఒక సొట్టల గ్లాసు ఉంది.

"అక్కడెందుకండీ? లోపల పెట్టరా?" అన్నాను.

"మన చోటు ఇదే కదమ్మా" అన్నారు రత్నంగారు. "ఈ గ్లాసు నాది. నువ్వు మావాళ్ళ పిల్లవేనంటగా, వీధంతా చెప్పుకుంటున్నారు. నీకు పేరు కూడా కొట్టించారు, మారాణివి. నాకు కొట్టించలేదు. సొట్టని బట్టి గుర్తుపడతారు."

నేను ఆ కంచం వైపు చూస్తూ నిలబడిపోయాను. ఇంట్లో మిగతా కంచాల్లో కలిసిపోకుండా ఉండటానికి కదూ ఆ పేరు! ఆ గారు చూసుకుని నేను మురిసిపోయాను, ఫోటో తీసి అమ్మకి పంపాను. ముందు సిగ్గేసింది. ఆ తర్వాత ఒళ్ళు మండిపోయింది. అరవాలనిపించింది. ఎవరి మీద అరవను? ఆ ఇంట్లో ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అంటే నేనూ తిరిగి అనేదాన్ని. నాన్న ఫోన్లో ఎందుకు ఆగారో అప్పుడు తెలిసి, ఆ మెట్ల మీదే కూలబడి ఏడ్చాను.

రత్నంగారు చేతులు కడుక్కుని వచ్చి నా పక్కన కూర్చున్నారు. "మీది ఏ చర్చి అమ్మా? మాది లూథరన్."

"మాది రామమందిరమండీ."

"ఓసి నీ ఇల్లు బంగారం గానూ! ఇటూ కాక, అటూ కాకా! నిన్ను ఎవరి లెక్కలో వెయ్యాలో మా పాస్టరుగారినే అడగాలి" అని నవ్వారు. నాకూ ఏడుపు మధ్యలో నవ్వొచ్చింది. "ఆవకాయ కలపడం చూడ్డానికేగా వచ్చావు? ఆదివారం చర్చి అయ్యాక మా ఇంట్లో కలుపుతాం, రా. మా కాయలూ పుల్లగానే ఉంటాయి." ఆ ఆదివారం వెళ్ళాను. నా ప్రాజెక్టు అలా గట్టెక్కింది. నన్ను చూస్తూ నిలబడనిచ్చారనుకునేరు, కారం మొత్తం నా చేతే కలిపించారు. సాయంత్రందాకా చేతులు భగభగ మండాయి.

బయల్దేరిన రోజు

రాజమండ్రిలో కాలేజీ హాస్టల్‌కి మారిపోతానని శ్రీనివాసరావుగారితో చెప్పాను. ఎండల వల్ల అన్నాను. "ఆయ్, నిజమేనండీ, ఎండలు మరీ ఎక్కువ" అని ఆయన వెంటనే ఒప్పుకున్నారు. ఆయన మనసు మీదనుంచి బస్తా దింపినట్టు కనిపించింది.

బయల్దేరే పొద్దున్న ఆటో వచ్చి గుమ్మంలో ఆగింది. మామ్మగారు నాకోసం కట్టించిన పూతరేకులు, జంతికలు, ఒక సీసాడు ఆవకాయ చావిట్లో బల్ల మీద పెట్టి ఉన్నాయి. కారులో దింపుతానంటే నేను వద్దన్నాను, అయినా తాళాలు చేతిలో తిప్పుతూ శ్రీనివాసరావుగారు నిలబడ్డారు. ఇంట్లో అందరి టిఫిన్లూ అయ్యాయి, పద్మగారిది తప్ప. ఆవిడ ఎప్పుడూ ఆఖరే. నా కంచం, గ్లాసు కడిగి, న్యూస్‌పేపరులో చుట్టడానికని ఆవిడే చావిట్లోకి పట్టుకొచ్చి బల్ల మీద పెట్టారు.

మామ్మగారు నా దగ్గరికి వచ్చి, "మా మర్యాదలో ఏమైనా లోపం జరిగిందా అండీ?" అని అడిగారు. మాటవరసకి అడగలేదు. ఆవిడ కళ్ళలో నిజంగానే దిగులుంది. లోపం ఎక్కడ జరిగిందా అని ఆలోచించి ఆలోచించి, దొరక్క అడుగుతున్నట్టుంది. అది చూసి నాకు జాలి వెయ్యాల్సింది. కోపం వచ్చింది.

"లోపమేంటండీ మామ్మగారూ! మర్యాద ఎక్కువై అరగడం లేదంతే. హాస్టల్లో నాలుగు రోజులు మర్యాద లేకుండా పడుంటే అదే సర్దుకుంటుంది" అన్నాను.

శ్రీనివాసరావుగారి చేతిలో తాళాల చప్పుడు ఆగింది. గోదావరి మనిషికి వెటకారం అర్థం కాకపోవడమంటూ ఉండదు. మామ్మగారు నన్ను మొదటిసారి నిదానంగా, ఎగాదిగా చూశారు. బల్ల మీదున్న కంచం వైపు చెయ్యి చూపించి, "అది తీసుకెళ్ళండి. మీ పేరుంది దానిమీద. ఇక్కడెవరు తింటారు అందులో?" అన్నారు.

చెప్పాల్సిందంతా ఆవిడే చెప్పేశారు.

పద్మగారు చేతిలో పేపరు కింద పెట్టారు. బల్ల మీద హాట్‌బాక్సు మూత తీసి, మిగిలిన ఇడ్లీలు రెండు ఆ కంచంలో వేసుకున్నారు. కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"నేను తింటానత్తయ్యా. ఆకలేస్తోంది" అని ఇడ్లీ తుంచి నోట్లో పెట్టుకున్నారు.

మామ్మగారు కోడలి వైపు చూశారు. శ్రీనివాసరావుగారు తల్లి వైపు చూశారు. ఆటో అతను బయటనుంచి హారన్ కొట్టాడు. కోడలు రెండో ముక్క కూడా మింగింది. మామ్మగారి పెదవులు కదిలాయి.

"చట్నీ వేసుకోవే. ఒట్టి ఇడ్లీ ఎలా దిగుతుంది?" అని, ఆవిడ ముఖం అటు తిప్పుకుని లోపలికి వెళ్ళిపోయారు.

నేను ఆటో ఎక్కాను. పద్మగారు చట్నీ వేసుకున్నారో లేదో చూడలేదు. ఆ కంచం ఆ పూట తోమాక వంటింటి బుట్టలో చేరిందో, పిట్టగోడ మీదికి వెళ్ళిందో కూడా నాకు తెలీదు. ఆవిడ నాకు ఇప్పటికీ ఫోన్లో పలకరింపులు పంపుతూనే ఉంటారు. ఈ ఒక్క సంగతి మాత్రం నేనింతవరకూ అడగలేదు. అడిగితే ఎంతో మర్యాదగా ఏదో ఒకటి చెప్పేస్తారేమోనని భయం.